షెడ్డు ఎక్కడ వేయాలి: రెండు తెలుగు రాష్ట్రాల్లో చిన్న పరిశ్రమకు చోటు ఎంచుకునేవారికి

బ్యాంకు రుణాల కోసం ప్రాజెక్టు రిపోర్టులు రాయడం నా వృత్తి. రెండు మూడు కోట్ల రూపాయలతో చిన్న పరిశ్రమ పెట్టాలని వచ్చేవారిలో చాలామంది చోటు ముందే నిర్ణయించుకుని వస్తారు. తాతల నాటి పొలం హైవేను ఆనుకుని ఉందని ఒకరు, బావమరిది ఆ ఊళ్ళో ఉన్నాడు కనుక పనులు త్వరగా అవుతాయని ఇంకొకరు, పారిశ్రామికవాడలో ప్లాటు చవకగా వస్తోందని మరొకరు, కొత్త విధానంలో రాయితీ ఎక్కువని వేరొకరు కారణం చెబుతారు. ఈ నాలుగు కారణాల్లో ఏదీ చెడ్డది కాదు గాని, నాలుగూ చివరన చూసుకోవలసినవే. వీటికంటే ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి. ముడిసరుకు తయారీలో బరువు తగ్గుతుందా పెరుగుతుందా అన్నది మొదటిది. యంత్రం ఆగిపోయిన రోజున సాయంత్రంలోగా బాగుచేసేవాడు ఎక్కడి నుంచి వస్తాడన్నది రెండవది. కొనేవాడికి మనం ఎంత తరచుగా ఎదురుపడాలి అన్నది మూడవది. ఈ మూడింటికి జవాబు దొరికితే రెండు రాష్ట్రాల పటం మీద మిగిలే ఊళ్ళు నాలుగైదుకు మించవు.

ఆ పటం ఎప్పుడూ సమానంగా పరచుకుని లేదు. తెలంగాణ జిల్లాల స్థూల ఉత్పత్తి లెక్కల్లో రంగారెడ్డి, హైదరాబాద్, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలు ముందుంటాయి. అంటే ఆ రాష్ట్ర సంపదలో పెద్ద భాగం ఒకే నగరం చుట్టూ చిక్కగా పోగుపడి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో తలసరి ఆదాయంలో విశాఖపట్నం జిల్లా మిగతావాటికంటే పైన ఉన్నా, రాష్ట్రంలో ఏటా పుట్టే మొత్తం విలువలో దాదాపు మూడో వంతు ఇప్పటికీ వ్యవసాయానిది, చేపల పెంపకం వంటి దాని అనుబంధ రంగాలది. అక్కడ డబ్బు కోస్తా పొడవునా డెల్టా పట్టణాల మీదుగా పలచగా పారుతుంది. చోటు ఎంచుకునేవాడికి ఈ తేడా చాలా ముఖ్యం, ఎందుకంటే తెలంగాణలో అతడు ఆలోచించవలసింది హైదరాబాద్‌కు ఏ దిక్కున, ఎంత దూరంలో అన్నదైతే, ఆంధ్రప్రదేశ్‌లో ఆలోచించవలసింది ఏ పట్టణం అన్నది.

ఈ తేడాకు కారణాలు పాతవి. 1852లో ధవళేశ్వరం దగ్గర గోదావరికి, 1855లో విజయవాడ దగ్గర కృష్ణకు ఆనకట్టలు పూర్తయ్యాక డెల్టాలో పంట మిగులు పోగయింది. ఆ మిగులు రైసుమిల్లులుగా, పొగాకు వ్యాపారంగా, లారీలుగా, సినిమా పెట్టుబడిగా రూపం మార్చుకుంటూ వచ్చింది. నిజాం రాజ్యంలో అందుకు భిన్నంగా పరిశ్రమ పాలకుడి చొరవతో, రైలు దారి పక్కన పుట్టింది: వరంగల్‌లో అజంజాహి మిల్లు, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ, కాగజ్‌నగర్‌లో కాగితం మిల్లు ఆ కాలానివే. 1956 తరువాత హైదరాబాద్ ఉమ్మడి రాష్ట్ర రాజధాని అయింది. 1960, 70 దశకాల్లో కేంద్ర ప్రభుత్వం బీహెచ్‌ఈఎల్ (విద్యుత్ యంత్రాలు), ఐడీపీఎల్ (మందులు), ఈసీఐఎల్ (ఎలక్ట్రానిక్స్), న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ (అణు ఇంధనం), మిధాని (ప్రత్యేక లోహాలు) వంటి సంస్థలను ఇక్కడే పెట్టింది లేదా విస్తరించింది. ఇక్కడ ఇనుప గని లేదు, ఓడరేవు లేదు. అయినా భారీ యంత్రాల తయారీ నిలదొక్కుకోవడానికి ఒక కారణం 1952లో మొదలై 1990ల తొలినాళ్ళ వరకు సాగిన రవాణా ఖర్చుల సమానీకరణ విధానం. దాని కింద ఉక్కు, గనికి ఆనుకున్న ఊళ్ళోనూ దూరాన ఉన్న ఊళ్ళోనూ ఇంచుమించు ఒకే ధరకు దొరికేది. బీహార్, ఒడిశాలకు అది చేసిన నష్టం వేరే కథ. గనులకు దూరంగా ఉన్న నగరాలకు మాత్రం అది ఊతమిచ్చింది.

ఇప్పుడు ఆ విధానం లేదు కనుక బరువు మళ్ళీ లెక్కలోకి వచ్చింది. ముందు ఆ లెక్క చూద్దాం.

బరువు, జాగా, తిరుగు లోడు

ధాన్యం 100 కిలోలు ఇచ్చి మిల్లరు దగ్గర ప్రభుత్వం తీసుకునే పచ్చి బియ్యం 67 కిలోలు. మిగతాది ఊక, తవుడు, నూకలు. చెరకు 100 కిలోలు ఆడితే చక్కెర 10 కిలోల అటూఇటూ. పత్తి 100 కిలోల నుంచి దూది మూడో వంతు, మిగిలిందంతా దాదాపు గింజే. సిమెంటు తయారీలో టన్ను క్లింకర్‌కు (సిమెంటుగా పొడి చేసే కాల్చిన గడ్డలకు) సున్నపురాయి సుమారు టన్నున్నర కావాలి. ఇలా బరువు కోల్పోయే సరుకులకు షెడ్డు ముడిసరుకు పక్కనే ఉండాలి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడలో అన్ని రైసుమిల్లులు ఉండడానికీ, హుజూర్‌నగర్, జగ్గయ్యపేట, తాడిపత్రి, ఎర్రగుంట్ల, తాండూరు చుట్టూ సిమెంటు కర్మాగారాలు ఉండడానికీ, ఆదిలాబాద్ నుంచి గుంటూరు దాకా పత్తి చేల మధ్యనే జిన్నింగ్ మిల్లులు ఉండడానికీ ఇదే కారణం. హైదరాబాద్ పొలిమేరలో సొంత స్థలం ఉందని అక్కడ రైసుమిల్లు పెడతానన్నవారిని నేను కాస్త గట్టిగానే వారించాను. ఊకకు లారీ కిరాయి కట్టి ఎవరూ బాగుపడలేదు.

దీనికి వ్యతిరేకమైన సరుకులున్నాయి. మంచినీళ్ళ సీసాలు, శీతల పానీయాలు, బ్రెడ్డు, సిమెంటు ఇటుకలు తయారయ్యేకొద్దీ బరువెక్కుతాయి లేదా త్వరగా పాడవుతాయి. పీవీసీ పైపులు, ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకులు, అట్టపెట్టెలు, థర్మోకోల్ బరువు లేకపోయినా జాగా తింటాయి. వీటిని మోసే లారీ గాలిని మోస్తున్నట్టే, కిరాయి మాత్రం నిండు లారీకి ఇవ్వాలి. ఇలాంటివి కొనేవాడి వాకిట్లోనే ఉండాలి. అట్టపెట్టెల యూనిట్ పెట్టేవారికి నా దగ్గర ఒకే ప్రశ్న ఉంటుంది: మొదటి ముగ్గురు కొనుగోలుదారుల గేట్లు మీ షెడ్డు నుంచి గంట ప్రయాణంలో ఉన్నాయా? లేకపోతే ఆ చోటు మంచిది కాదు, స్థలం ఉచితంగా వచ్చినా సరే.

లారీ కిరాయి లెక్కలో కొత్తవారు మరచిపోయే సంగతి ఒకటుంది. కిరాయి దూరాన్ని బట్టి మాత్రమే తేలదు, లారీకి తిరుగు లోడు దొరుకుతుందా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది. రెండు వైపులా సరుకు నడిచే దారిలో ఉన్న ఊరికి కిరాయి మెత్తగా ఉంటుంది. సరుకు దించి ఖాళీగా తిరిగి రావలసిన ఊరికి డ్రైవరు రెండు ప్రయాణాల ఖర్చూ మన మీదే వేస్తాడు. ఈ సంగతి ఏ పారిశ్రామిక విధాన పత్రంలోనూ ఉండదు. ఊళ్ళో లారీ బుకింగ్ ఆఫీసులో ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది.

హైదరాబాద్: కిరాయి ఎక్కువ, చేతులూ ఎక్కువ

బరువుతో పని లేని సరుకులు మరికొన్ని ఉన్నాయి. మందుల ముడిపదార్థాలు, యంత్ర విడిభాగాలు, ఎలక్ట్రానిక్ బోర్డుల వంటివాటి విలువలో రవాణా ఖర్చు చిన్న భాగం. అక్కడ నిర్ణయించేది మనుషులు. ఆల్ఫ్రెడ్ మార్షల్ అనే ఆర్థికవేత్త 1890లోనే ఒకే రకం పరిశ్రమలు ఒకచోట గుమిగూడడానికి కారణాలు చెప్పాడు: పని తెలిసినవారు అక్కడ దొరుకుతారు, వారికి కావలసిన సామాను అమ్మేవారు అక్కడ చేరతారు, పనిలోని కిటుకులు గాలిలో ఉన్నట్టు అందరికీ అందుతాయి. బాలానగర్‌లో ఒక మధ్యాహ్నం తిరిగితే ఈ మూడూ కళ్ళకు కనిపిస్తాయి.

ఐడీపీఎల్ మందుల కర్మాగారంలో పని నేర్చిన రసాయన శాస్త్రజ్ఞులు బయటికి వచ్చి సొంత యూనిట్లు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన అంజిరెడ్డి కూడా అక్కడ పనిచేసినవారే. 1970 పేటెంట్ చట్టం మందు పదార్థానికి కాక తయారీ పద్ధతికే రక్షణ ఇవ్వడంతో, వేరే పద్ధతిలో అదే మందు చేయగలవారికి దారి తెరుచుకుంది. చుట్టుపక్కల మందుల తయారీకి వాడే రియాక్టర్లు చేసే ఫాబ్రికేటర్లు, ద్రావకాలు అమ్మేవారు, పైపులు వెల్డింగ్ చేసేవారు పెరిగారు. యంత్రాల వైపు కూడా ఇలాగే జరిగింది. పెద్ద ప్రభుత్వ సంస్థలు బయట చేయించుకునే జాబ్ వర్కు మీద బాలానగర్, చర్లపల్లి, కుషాయిగూడ, జీడిమెట్లలో వందలాది లేత్ షెడ్లు బతికాయి. బాలానగర్‌లోనే ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ డైలు, మోల్డులు (లోహానికి, ప్లాస్టిక్‌కు రూపమిచ్చే అచ్చులు) చేసే పిల్లలను తయారు చేస్తూ వచ్చింది. ఈ రోజు ఒక విడిభాగానికి హీట్ ట్రీట్‌మెంట్, గ్రైండింగ్, ప్లేటింగ్ మూడూ కావాలంటే, ఆటోలో వేసుకుని ఒకే పూటలో మూడు షెడ్లు తిరిగి రావచ్చు. ఈ సౌకర్యం ఖరీదు ఎంతో అది లేని ఊళ్ళో షెడ్డు పెట్టినవారిని అడగాలి.

నాకు తెలిసిన ఒకరు ప్లాస్టిక్ మోల్డింగ్ యూనిట్‌ను నగరానికి దూరంగా, చవకగా ప్లాటు దొరికిన ఒక పారిశ్రామికవాడలో పెట్టారు. యంత్రం కొత్తది, కరెంటు బాగుంది, పనివారు నమ్మకస్థులు. కానీ మోల్డు అరిగిన ప్రతిసారీ దాన్ని వ్యాన్‌లో హైదరాబాద్‌కు పంపడం, అక్కడ వరుసలో నిలబడడం, తిరిగి తెచ్చుకోవడం. ఒక్కో మరమ్మతుకు నాలుగైదు రోజులు యంత్రం ఆగేది. రెండవ ఏడాది చివర ఆయన లెక్క వేసుకుంటే, స్థలం మీద మిగిలిందంతా ఆగిన రోజుల్లో పోయింది. ఇప్పుడు ఆయన నగర శివారులో కిరాయి షెడ్డులో ఉన్నారు, ఆ ప్లాటు ఖాళీగా ఉంది.

అయితే హైదరాబాద్ అనే మాట ఒక చోటును సూచించదు. ఔటర్ రింగు రోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. ఆ వలయం మీద ఏ దిక్కు అన్నది వేరే ఊరు ఎంచుకున్నంత పెద్ద నిర్ణయం. ముంబయి దారిలో పటాన్‌చెరు, పాశమైలారం నుంచి సంగారెడ్డి, జహీరాబాద్ వరకు యంత్రాలు, వాహనాలు, మందులు. నాగపూర్ దారిలో మేడ్చల్, తూప్రాన్ వైపు గోదాములు, ఆహార పదార్థాలు. ఆ పక్కన శామీర్‌పేట దగ్గర 1999లో మొదలైన జీనోమ్ వ్యాలీలో టీకాలు, జీవసాంకేతికత. బెంగళూరు దారిలో శంషాబాద్ విమానాశ్రయం, కొత్తూరు, షాద్‌నగర్, జడ్చర్ల వరకు మందులు, ప్లాస్టిక్, గోదాములు. ఆదిభట్ల వైపు విమాన విడిభాగాలు. విజయవాడ దారిలో చౌటుప్పల్ వరకు రసాయనాలు. మీ సరుకు కొనేవాడు పటాన్‌చెరులో ఉంటే, ఘట్‌కేసర్‌లో షెడ్డు చవకగా వచ్చిందని తీసుకోవడం వేరే జిల్లాలో తీసుకోవడంతో సమానం.

నగరానికి రెండు లోపాలున్నాయి. మొదటిది, సముద్రం లేదు. సనత్‌నగర్‌లోని కంటైనర్ డిపో నుంచి రైలులో రేవుకు పంపవచ్చు గాని, విదేశాలకు బరువైన సరుకు పంపేవాడు కోస్తాలో ఉన్నవాడితో ధరలో పోటీ పడలేడు. రెండవది, నగరం షెడ్డు మీదికి నడిచి వస్తుంది. ఒకప్పుడు ఊరి బయట ఉన్న బాలానగర్, సనత్‌నగర్ ఇప్పుడు అపార్టుమెంట్ల మధ్య ఉన్నాయి. కాలుష్య పరిశ్రమలను ఔటర్ బయటికి పంపాలన్న విధానం చాలాకాలంగా ఉంది. పటాన్‌చెరు దగ్గర నక్కవాగు రసాయనాలతో పాడైన కథ కోర్టుల దాకా వెళ్ళింది. కనుక కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో ఎక్కువ కాలుష్యం చేసేవాటికి ఇచ్చే ఎరుపు విభాగంలో పడే సరుకైతే ఔటర్ లోపల షెడ్డు గురించి ఆలోచించనే వద్దు. కాలుష్యం తక్కువగా ఉండే తెలుపు, ఆకుపచ్చ విభాగాలవారికి మాత్రం లోపలి పాత ఎస్టేట్లలో కిరాయి షెడ్డు ఇప్పటికీ మంచి ఎంపికే.

సరిహద్దు పట్టీలు: స్థలం మనది, మార్కెట్టు పొరుగుది

ఆంధ్రప్రదేశ్‌లో గత పదిహేను, ఇరవై ఏళ్ళలో కొత్తగా పరిశ్రమ చిక్కబడ్డ చోట్లు రెండూ రాష్ట్రం అంచున ఉండడం యాదృచ్ఛికం కాదు. తడ పక్కన శ్రీసిటీ చెన్నైకి సుమారు 55 కిలోమీటర్లు. ఎన్నూరు, కాట్టుపల్లి, చెన్నై రేవులు మూడూ దానికి దగ్గర. శ్రీపెరంబుదూరు చుట్టూ దశాబ్దాలుగా పెరిగిన వాహన విడిభాగాల సరఫరాదారులు అందుబాటులో ఉన్నారు. చెన్నైలో స్థలం ఖరీదై, దొరకడం కష్టమైనప్పుడు ఆ పరిశ్రమ సరిహద్దు దాటి ఇటు పొంగింది. ఇసుజు వాహనాలు, డైకిన్ ఏసీలు, మాండెలీజ్ చాక్లెట్లు ఇక్కడ తయారవుతున్నాయంటే, ఆ సంస్థలు ఎంచుకున్నది తిరుపతిని అనుకోవడం పొరపాటు. చెన్నైకి ఉత్తర శివారును ఎంచుకున్నాయి. పెనుకొండ దగ్గర కియా కూడా అలాంటిదే. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరి 2019లో కార్లు బయటికి వచ్చిన ఆ కర్మాగారం బెంగళూరు హైవే మీద ఉంది. హంద్రీ–నీవా కాలువ నీళ్ళు గొల్లపల్లి జలాశయానికి చేరకపోతే ఆ కరువు నేల మీద అంత పెద్ద కర్మాగారం వచ్చేది కాదు.

ఈ పట్టీల్లో పెట్టాలనుకునే చిన్న పరిశ్రమదారుడు తనను తాను ఒక సూటి ప్రశ్న అడగాలి: నేను ఇంజనుకు భాగాలు చేస్తానా, లేక కర్మాగారానికి కావలసిన మిగతా సరుకులు చేస్తానా? కీలకమైన భాగాలు చేసే సరఫరాదారులు సాధారణంగా మాతృసంస్థతోపాటే వస్తారు. కియా వెంట కొరియా సంస్థలు వచ్చాయి. స్థానికుడికి మొదట దొరికేవి చెక్క ప్యాలెట్లు, అట్టపెట్టెలు, ఇనుప రాక్‌లు, ఫాబ్రికేషన్, యూనిఫారాలు, క్యాంటీన్, రవాణా. ఇవి చిన్నవని చులకన చేయవద్దు. నా అనుభవంలో వీటిలో స్థిరంగా నిలబడినవారే రెండో విడతలో ప్రెస్ పార్టుల ఆర్డర్ల దాకా వెళ్ళారు. ప్రమాదం మరొకచోట ఉంది. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు ధర అతడే నిర్ణయిస్తాడు, అమ్మకాలు పడిపోయిన నెలలో ముందుగా కోసేది మన ఆర్డరునే. కాబట్టి హిందూపురం, పెనుకొండల్లో పెట్టేవారు బెంగళూరులో మరో ఇద్దరు కొనుగోలుదారులను, శ్రీసిటీలో పెట్టేవారు చెన్నై శివారుల్లో మరో ఇద్దరిని చేతిలో పెట్టుకున్నాకే యంత్రానికి అడ్వాన్సు కట్టాలి. హిందూపురం నుంచి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లే కనుక ఇది సాధ్యమైన పనే.

హైదరాబాద్ శివారుకు, ఈ పట్టీలకు మధ్య తేల్చుకోలేకపోతున్నవారికి నా సలహా సూటిగా చెబుతాను. పదిమంది కొనుగోలుదారులకు పది రకాల చిన్న ఆర్డర్లు చేసే యూనిట్ అయితే హైదరాబాద్. ఒకటి రెండు సరుకులను పెద్ద మొత్తంలో, క్రమం తప్పకుండా చేసే యూనిట్ అయితే సరిహద్దు పట్టీ. కిరాయిల తేడా ఈ తేడా ముందు చిన్నది.

డెల్టా పట్టణాలు

విజయవాడ గురించి మాట్లాడేటప్పుడు చాలామంది రాజధాని అమరావతి గురించి మాట్లాడతారు. అమరావతి నిర్మాణం వల్ల ఇటుక, కంకర, ఫాబ్రికేషన్, అల్యూమినియం కిటికీల పనివారికి గిరాకీ ఉంటుంది, నిజమే. కానీ రాజధాని పనులు 2019 తరువాత ఎలా ఆగాయో చూసినవారు ఆ ఒక్క గిరాకీ మీదే షెడ్డు వేయరు. విజయవాడ అసలు బలం కూడలి కావడమే. చెన్నై–కోల్‌కతా హైవే, హైదరాబాద్ దారి, పెద్ద రైల్వే జంక్షన్ ఇక్కడే కలుస్తాయి; లారీ యజమానులు ఇక్కడ దండిగా ఉన్నారు; వారి కోసం పుట్టిన ఆటోనగర్‌లో బస్సు, లారీ బాడీలు కట్టే మేస్త్రీలు, పాత విడిభాగాలు అమ్మేవారు, రేడియేటర్ నుంచి కమాన్‌కట్టల దాకా బాగుచేసేవారు ఉన్నారు. అక్కడ తిరుగు లోడుకు కొదవ ఉండదు. రెండు రాష్ట్రాలకూ సరుకు పంపిణీ చేయవలసిన వ్యాపారానికి, వ్యవసాయ పరికరాలకు, ట్రాలీలకు, ట్యాంకర్లకు ఇంతకంటే మంచి చోటు కోస్తాలో లేదు.

గుంటూరు మిరపయార్డు దేశంలోనే అతి పెద్ద మిరప మార్కెట్లలో ఒకటి. చుట్టూ శీతల గిడ్డంగులు ఉన్నందున పంట కాలంలో కొని ఏడాది పొడవునా ఆడించుకోవచ్చు. కారం పొడి, ఓలియోరెసిన్ (మిరప నుంచి తీసే గాఢమైన సారం), ఎగుమతి ప్యాకింగ్ చేసేవారికి ఇక్కడ ముడిసరుకును కళ్ళతో చూసి, చేత్తో విరిచి, రంగు చూసి కొనే అవకాశం ఉంది. ఆ చూపు ఫోను మీద దొరకదు. మసాలా వ్యాపారంలో అప్పుడే అడుగుపెడుతున్నవారు నగరంలో ఆడించి డబ్బాలో పోసే పని చేయవచ్చు గాని, పెద్ద మొత్తాల్లోకి వెళ్ళేసరికి యార్డు పక్కకు రాక తప్పదు.

భీమవరం, కైకలూరు ప్రాంతాల రొయ్య, చేప విషయంలో చోటును ఐసు నిర్ణయిస్తుంది. చెరువులో పట్టిన రొయ్య గంటల్లో ప్లాంటుకు చేరాలి, అందుకే ప్రాసెసింగ్, ఐసు, మేత, విత్తన కేంద్రాలు ఒకదాని పక్కన ఒకటి పెరిగాయి. దేశపు సాగు రొయ్యల్లో సగానికి చాలా ఎక్కువ ఆంధ్రప్రదేశ్‌వే. కానీ ఒకే సరుకు, ఒకే పెద్ద కొనుగోలుదారు ఉన్న ప్రాంతం ఎంత తొందరగా వణుకుతుందో 2025 ఆగస్టులో చూశాం: అమెరికా భారతీయ సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచగానే చెరువు గట్టు మీద ధర కదిలింది. అక్కడ ప్యాకింగ్ పెట్టెలు, ఐసు పెట్టెలు, చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్ల మరమ్మతు యూనిట్ పెట్టేవారు ఆ వణుకు తమ దాకా వస్తుందని ముందే లెక్కలో పెట్టుకోవాలి. కాకినాడ సంగతి వేరు. రేవు ద్వారా దిగుమతయ్యే ముడి నూనెలను శుద్ధి చేసే కర్మాగారాలు, బియ్యం ఎగుమతి, ఎరువులు అక్కడి బలం, అయితే ఇవన్నీ పెద్ద పెట్టుబడుల ఆటలు.

విశాఖపట్నం

1933లో రేవు, 1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం: విశాఖ పూర్తిగా భారీ పరిశ్రమల పట్నం. ఓడల మరమ్మతు, భారీ ఫాబ్రికేషన్, పైపింగ్, క్రేన్ల పని తెలిసిన వెల్డర్లు ఇక్కడ దొరికినట్టు రెండు రాష్ట్రాల్లో ఇంకెక్కడా దొరకరు. పరవాడలో మందులు, అచ్యుతాపురంలో దుస్తులు, రసాయనాలు, పెదగంట్యాడ వైపు వైద్య పరికరాల మెడ్‌టెక్ జోన్ ఉన్నాయి. 2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడ 1500 కోట్ల డాలర్ల డేటా సెంటర్ పెట్టుబడిని ప్రకటించింది. డేటా సెంటర్ కట్టేటప్పుడు పని చాలామందికి దొరుకుతుంది, కట్టాక కొద్దిమందికే. విద్యుత్ ప్యానెళ్ళు, కేబుల్ ట్రేలు, చల్లబరిచే వ్యవస్థల పని చేసేవారు దీన్ని గమనిస్తే చాలు, మిగతావారు ఈ వార్తను చూసి స్థలం కొనవద్దు.

కొండలకూ సముద్రానికీ మధ్య ఇరుకైన పట్నం ఇది. పరిశ్రమ పక్కకు ఊరు తొందరగా వస్తుంది. 2020 మే 7న స్టైరీన్ వాయువు లీకై 12 మంది చనిపోయిన ఆర్.ఆర్. వెంకటాపురం, అక్కడ ఫ్యాక్టరీ పుట్టినప్పుడు ఊరి బయటే ఉండేది. అందుకే రసాయనాలతో పని ఉన్నవారు పట్నానికి దగ్గర అన్న మాట విని మురిసిపోకూడదు. నక్కపల్లి వైపు వెళ్ళి, చుట్టూ ఎంత ఖాళీ మిగులుతుందో కొలుచుకోవాలి.

చిన్న పట్టణాలను ఎప్పుడు ఎంచుకోవాలి

ఒక పని తరతరాలుగా పాతుకుపోయిన చిన్న పట్టణం, ఆ ఒక్క పనికి మాత్రం, ఏ నగరాన్నైనా ఓడిస్తుంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్, మార్కాపురం పలకలు, సిరిసిల్ల మరమగ్గాలు, పోచంపల్లి ఇక్కత్ ఇలాంటివే. కానీ ఆ పని కాక ఇంకో పని పెడితే అదే పట్టణం ఆదుకోదు. సిరిసిల్లలో మగ్గం ఆగితే బాగుచేసేవాడు పక్క వీధిలో ఉంటాడు, మోల్డింగ్ యంత్రం ఆగితే ఉండడు. వరంగల్‌ను ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. అజంజాహి మిల్లు అనే ఒక్క పెద్ద మిల్లు మీద బతికిన నగరం అది మూతపడ్డాక చాలాకాలం కోలుకోలేదు. 2017లో మొదలైన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఇప్పుడు అక్కడికి పెద్ద దుస్తుల సంస్థలను తెచ్చింది. ఎనుమాముల మార్కెట్లో పత్తి ఉంది, ఇంజనీరింగ్ చదివిన పిల్లలు ఉన్నారు. అనుబంధ పనులకు, అంటే బొత్తాలు, లేబుళ్ళు, ప్యాకింగ్, కుట్టు యంత్రాల మరమ్మతు వంటివాటికి, ముందుగా వెళ్ళినవారికి చోటు ఉంది.

స్థలం, రాయితీ: చివరన

రాయితీ మాట ఇంతసేపు ఎందుకు రాలేదని చదువరి అడగవచ్చు. పెట్టుబడి రాయితీ, విద్యుత్ రాయితీ, రాష్ట్ర జీఎస్‌టీ తిరిగి చెల్లింపు వంటివి రెండు రాష్ట్రాలూ ఇస్తున్నాయి, వెనుకబడిన ప్రాంతాలకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికవేత్తలకు ఎక్కువ ఇస్తున్నాయి. కానీ ఇవి చాలావరకు ఖర్చు పెట్టాక వచ్చేవి, వచ్చే తేదీ మన చేతిలో ఉండదు. నేను రాసే రిపోర్టుల్లో రాయితీని ఆదాయంగా చూపించను. అది వస్తే లాభం, రాకపోయినా వాయిదా కట్టగలగాలి. 2025 ఏప్రిల్ నుంచి సూక్ష్మ పరిశ్రమ పెట్టుబడి పరిమితి రెండున్నర కోట్లకు, చిన్న పరిశ్రమది 25 కోట్లకు పెరిగింది; ఏ వర్గంలోకి వస్తారో చిన్న పరిశ్రమల కోసం కేంద్రం నడిపే ఉద్యమ్ నమోదులో చూసుకుంటే అర్హతలు స్పష్టమవుతాయి.

ప్రభుత్వ పారిశ్రామికవాడలో ప్లాటు తీసుకునేవారు నిర్ణీత గడువులోగా పని మొదలుపెట్టాలన్న షరతును చదవాలి. గడువు దాటితే కేటాయింపు రద్దు కావచ్చు. సబ్‌స్టేషన్ ఎంత దూరమో, దాని సామర్థ్యంలో ఎంత మిగిలి ఉందో ఊళ్ళో లైన్‌మన్‌ను అడిగితే కాగితం కంటే ముందే తెలుస్తుంది. వేసవిలో బోర్ల పరిస్థితి మే నెలలో చూడాలి, నవంబరులో కాదు. కాలుష్య మండలి అనుమతి, అగ్నిమాపక అనుమతి ఆ ప్లాటుకు మీ సరుకుతోనే వస్తాయా అన్నది డబ్బు కట్టక ముందు రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

ఇంత చూశాక కూడా రెండు చోట్ల మధ్య తూకం తేలకపోతే, రెండింట్లో ఏది కష్టంగా కనిపిస్తుందో అక్కడ 11 నెలల ఒప్పందంతో కిరాయి షెడ్డు తీసుకుని, ఒకే ఒక్క యంత్రం పెట్టి నడపండి. ఆ నెలల్లో యంత్రం ఎన్నిసార్లు ఆగింది, ఎన్ని గంటల్లో మళ్ళీ తిరిగింది, లారీకి ఎంత ఇచ్చారు, కొనేవాడు ఎన్నిసార్లు స్వయంగా వచ్చాడు అన్నవి ఒక పుస్తకంలో రాసుకోండి. ఒప్పందం మీద సంతకం చేసే ముందు మాత్రం పక్క షెడ్డు యజమానిని టీకి పిలిచి ఒక మాట అడగండి: మీ దగ్గర చివరగా పని మానేసిన ఫిట్టర్ ఎవరు, ఎక్కడికి వెళ్ళాడు? నాలుగు షెడ్ల అవతలికి వెళ్ళాడంటే ఆ పేట బతికి ఉన్నట్టు. ఊరు విడిచి హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్ళాడంటే, మీ ఫిట్టర్ కూడా అక్కడికే వెళతాడు.